ఎంబీ

వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో "మీది ఏ చర్చి?" అని అడిగితే "ఎంబీ" అని పొట్టిగా జవాబొస్తుంది. ఎం అంటే మెన్నోనైట్, బీ అంటే బ్రెదరన్, అంటే సహోదరులు.

ఆ మొదటి అక్షరం వెనకున్నది ఓ మనిషి పేరు: మెన్నో సైమన్స్. నెదర్లాండ్స్‌లో కాథలిక్ గురువు. 1531లో, రెండోసారి బాప్తిస్మం తీసుకున్నాడని ఒక దర్జీ తల నరికిన సంగతి ఆయన చెవిన పడింది. ఇదేం నేరమబ్బా అనుకుని, పసిబిడ్డలకు బాప్తిస్మం ఇమ్మని ఎక్కడుందో చూద్దామని బైబిల్ తిరగేశాడు. కనబడలేదు. 1536లో గురుత్వం వదిలేశాడు. వెంట నడిచినవాళ్లకు ఆయన పేరే స్థిరపడింది.

తమాషా ఏమిటంటే, కట్టడిని అంతగా నిలదీసిన మెన్నోనే వెలి దగ్గరికొచ్చేసరికి మహా గట్టివాడయ్యాడు. వెలిపడ్డ మనిషికి కట్టుకున్న భార్య కూడా దూరంగా ఉండాల్సిందేనన్నాడు!

'బీ' సంగతి 1860 నాటిది. ఇప్పటి ఉక్రెయిన్‌లోని మెన్నోనైట్ పల్లెల్లో 18 మంది, నడత సరిలేనివాళ్లతో కలిసి ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో) పాలుపొందలేమని జనవరి 6న సంతకాలు పెట్టి విడిపోయారు. అంటే వీళ్ల ఫిర్యాదు కట్టడి ఎక్కువైందని కాదు, చాలలేదని. బల్ల దగ్గరికి ఎవరు రావాలో తేల్చేదెవరన్న తగువు నాకు అక్కడే మొదలైనట్టు కనిపిస్తుంది.

ఆ శాఖ అమెరికా మీదుగా 20వ శతాబ్దం తొలినాళ్లలో పాలమూరు ప్రాంతానికి చేరింది. గద్వాల మాత్రం 1937లో అమెరికన్ బాప్టిస్టుల చేతి నుంచి వీళ్లకొచ్చింది. ఇద్దరిదీ ఎదిగినవాళ్లను నీళ్లలో ముంచే బాప్తిస్మమే.