ఎఫ్.ఏ. తరగతి నుంచి తెలుగు ప్రక్రియలకు: ఇంగ్లీషు గద్యపద్య పఠన చరిత్రలో ఒక అంశం

ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు సాహిత్యచరిత్ర గ్రంథాలలో 'పాశ్చాత్య ప్రభావం' అనే అధ్యాయం దాదాపు తప్పనిసరి. నవల, వ్యాసం, ఖండకావ్యం మొదలైన ప్రక్రియల ఆవిర్భావాన్ని ఆ ఒక్క మాటతో వివరించడం పరిపాటి అయింది. అయితే కాలక్రమాన్ని గమనిస్తే ఇందులో ఒక చిక్కు కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో వెలువడసాగింది. దానికి ప్రేరణగా నిలిచిన ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' 1766లో అచ్చయినది. రెంటికీ నడుమ 112 ఏళ్ల దూరం ఉంది. 1878లో ఇంగ్లండు పాఠకుల చేతిలో ఉన్నవి జార్జ్ ఎలియట్, థామస్ హార్డీ నవలలు. ఇంగ్లీషు సాహిత్యం నేరుగా తెలుగు రచయితలను ప్రభావితం చేసి ఉంటే ఈ వ్యవధికి కారణం చెప్పడం కష్టం. ఆ ప్రభావం పాఠ్యప్రణాళిక ద్వారా వచ్చిందని గుర్తిస్తే కారణం సుబోధమవుతుంది.

పరీక్ష కోసం సాహిత్యం

1835లో బెంటింక్ ప్రభుత్వ తీర్మానం, 1854లో వుడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన అందరూ ఎరిగినవే. మెట్రిక్యులేషన్ తరువాత రెండేళ్ల చదువుకు ఎఫ్.ఏ. పరీక్ష ఉండేది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో దాని స్థానంలోకి ఇంటర్మీడియట్ వచ్చింది. మచిలీపట్నం, రాజమహేంద్రవరం, విజయనగరం కళాశాలల విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యంతో పరిచయం ప్రధానంగా ఈ దశలోనే కలిగేది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యానికి ప్రత్యేక ఆనర్స్ శాఖ ఏర్పడింది 1894లో. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు ట్రైపాస్ మొదలైంది 1917లో. అంతకు ఎంతో ముందే ఆ సాహిత్యం భారతదేశంలో పరీక్షాంశమైందన్న విషయాన్ని గౌరి విశ్వనాథన్ 1989లో తమ గ్రంథంలో సవిస్తరంగా చర్చించారు. తెలుగు ప్రక్రియల పరంగా దీని పర్యవసానాన్ని పరిశీలించవలసిన అవసరం ఇంకా ఉంది.

గద్యాన్నీ పద్యాన్నీ వేర్వేరు పాఠాలుగా బోధించడం ఆ చదువులో ప్రధాన లక్షణం. గద్యపాఠం వాక్యరచనకు, నీతికి ఉద్దేశించినది. అడిసన్, గోల్డ్‌స్మిత్ వంటి పద్ధెనిమిదో శతాబ్ది రచయితలు అందుకు అనువైనవారు. వారి శైలి నిర్మలం, వారి హాస్యం సభ్యం. తెలుగులోనూ అప్పటి గద్యానికి పాఠశాలతో గట్టి సంబంధమే ఉంది. చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) విద్యార్థులను ఉద్దేశించిన రచనే.

ఒకే పుస్తకం, రెండు సంతతులు

గోల్డ్‌స్మిత్ కథలో సంపద కోల్పోయిన మతగురువు ప్రిమ్‌రోజ్ కుటుంబం మోసగాళ్ల చేతికి చిక్కి, చెరసాల దాకా వెళ్లి, చివరకు నిలదొక్కుకుంటుంది. వీరేశలింగం ఆ చట్రాన్ని తీసుకొని ధవళేశ్వరంలో నిలిపారు. ప్రిమ్‌రోజ్ స్థానంలో రాజశేఖరుడు వచ్చాడు. స్వర్ణయోగం పేరిట బంగారం అపహరించే బైరాగి పూర్తిగా గోదావరీతీరపు మనిషి. కనుక దీనిని అనుకరణ అని కొట్టివేయడం సరికాదు. చట్రం పాఠ్యగ్రంథానిది, అందులో నిండిన లోకం రచయితది.

అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. ఆ నవల ఎనిమిదో అధ్యాయంలో 'ది హెర్మిట్' అనే కథాగేయం ఉంది. రాయప్రోలు సుబ్బారావు 'లలిత'కు మూలం అదే. అంటే గద్యపాఠంగా పేరుపొందిన ఒక్క పుస్తకం నుంచే ఒక తరానికి నవల, మరో తరానికి కొత్త కవిత్వపు తొలి అడుగు లభించాయి. రాయప్రోలు దానిని తరగతిలో చదివారా, బయట చదివారా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అప్పటి తెలుగు పాఠకునికి సులభంగా దొరికే ఇంగ్లీషు కవి ఎవరన్నదే ప్రశ్న. ఆయన 'అనుమతి'కి టెన్నిసన్ 'డోరా' ఆధారం. అదీ 1842 నాటిదే.

పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలదీ ఇదే దారి. 1711లో అడిసన్, స్టీల్ ప్రారంభించిన 'స్పెక్టేటర్' పేరుకు 'సాక్షి' సరైన తెలుగు. అక్కడి క్లబ్బు ఇక్కడ సాక్షి సంఘమైంది. వర్తకుడు సర్ ఆండ్రూ ఫ్రీపోర్ట్ ఉన్నచోట బొర్రయ్యసెట్టి కనిపిస్తాడు. కానీ జంఘాలశాస్త్రి ఉపన్యాసధోరణికి అడిసన్ మితభాషిత్వంతో పోలికే లేదు. తరగతిలో ఆదర్శంగా చూపిన శైలిని పానుగంటి విడిచిపెట్టడం వల్లనే 'సాక్షి' తెలుగువారిదైందని చెప్పవచ్చు.

పద్యపాఠం

పద్యం విషయంలో పాల్‌గ్రేవ్ సంకలనం 'ది గోల్డెన్ ట్రెజరీ' (1861) ప్రభావం విశేషమైనది. జీవించి ఉన్న కవులను పాల్‌గ్రేవ్ చేర్చలేదు. తొలి ముద్రణలో బ్లేక్‌కు చోటు లేదు. వర్డ్స్‌వర్త్ పద్యాలు షేక్స్పియర్‌వాటికంటే ఎక్కువ. ఒక్క భావం, ఒక్క అనుభూతి లేదా ఒక్క సన్నివేశం చుట్టూ తిరిగే లఘురచనలే ఆయన ఎంపికకు ప్రమాణం. భావకవుల ఖండకావ్యాలకు విమర్శకులు చెప్పే లక్షణాలు ఈ ప్రమాణానికి ఎంత దగ్గరగా ఉన్నాయో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు కవిత్వమంటే ఆత్మాశ్రయ గీతమేనన్న భావన ఏర్పడటంలో ఆ సంకలనకర్త అభిరుచికి గణనీయమైన పాత్ర ఉంది. వ్యంగ్యం, మేధాశక్తి ప్రధానమైన ఇంగ్లీషు పద్యం తెలుగు కవులను అంతగా తాకకపోవడానికి వారి స్వభావాన్ని మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు.

ఆ పఠనవిధానపు ఆనవాళ్లు తెలుగు ప్రశ్నపత్రాలలో నేటికీ ఉన్నాయి. 'ప్రతిపదార్థ తాత్పర్యాలు' మన టీకాసంప్రదాయం నుంచి వచ్చినవి. వాటి పక్కనే కనిపించే 'సందర్భసహిత వ్యాఖ్య' ఇంగ్లీషు పరీక్షాపద్ధతికి సన్నిహితంగా తోస్తుంది.

ఈ చట్రానికి వెలుపలి ఉదాహరణగా శ్రీశ్రీని పేర్కొనవచ్చు. ఆయన బి.ఏ.లో చదివినది జంతుశాస్త్రం. ఆయనకు ప్రేరణనిచ్చినవారిలో స్విన్‌బర్న్, ఎడ్గార్ ఎలన్ పో, బోదలేర్ ఉన్నారు. వీరిలో పో అమెరికా కవి, బోదలేర్ ఫ్రెంచి కవి. అయినా కాలవ్యవధి అక్కడా పూర్తిగా తొలగలేదు: బోదలేర్ ప్రసిద్ధ కవితాసంపుటి వెలువడింది 1857లో, 'మహాప్రస్థానం' గీతాలు రూపొందినది 1930ల దశకంలో.