రాయవేలూరు, గుడియాత్తము: చూడదగిన తావులు, చదువదగిన చరిత్ర

తమిళులు వేలూరు అని పిలుచు పట్టణమును మన పెద్దలు రాయవేలూరు అందురు. ఆ ‘రాయ’ శబ్దము అలంకారము కాదు. విజయనగర రాయల కడపటి రాజధానులలో ఇది యొకటి. క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి చికిత్సకై వచ్చు తెలుగువారు అసంఖ్యాకులు. వారిలో పలువురు దాపుననే యున్న కోటను చూడకయే మరలిపోవుదురు. ఇచ్చటనే పుట్టి పెరిగిన మన పిల్లలు సాయంకాలము కోట కందకము చెంత విహరింతురు గాని, దానిని కట్టించినవారు తెలుగు నాయకులని ఎరుగరు. కావున ఈ రెండు పట్టణములలో మనకు ప్రియమైన తావులను చరిత్రదృష్టితో ఒకమారు పరికింతము.

మొదట చూడవలసినది కోట. 16వ శతాబ్దిలో చినబొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి దీనిని నిర్మించినట్లు ప్రసిద్ధి. విస్తీర్ణము 133 ఎకరములు. లోపలి జలకంఠేశ్వరాలయపు కల్యాణమంటపములో యాళులు, గుఱ్ఱములు చెక్కిన స్తంభములు శిల్పుల నేర్పును చాటుచున్నవి. యుద్ధకాలములో మూలమూర్తి తొలగిపోగా, చిరకాలము పూజలు లేక, 1981లో ఈ ఆలయమున లింగప్రతిష్ఠ తిరిగి జరిగినది. బొమ్మినాయకుడు ఆదరించిన అప్పయ్యదీక్షితులు తమిళదేశమున జన్మించిన సంస్కృత విద్వాంసుడు. ఆయనకు నాయకుడు కనకాభిషేకము చేసిన సంగతి 1582 నాటి అడయపలము శాసనము వలన తెలియుచున్నది. తెలుగు ప్రభువు, తమిళ పండితుడు, సంస్కృత గ్రంథము: ఈ మూడింటి కలయికయే వేలూరు చరిత్రకు నిజమైన ముఖచిత్రము.

17వ శతాబ్ది తొలి సంవత్సరములలో వేంకటపతిదేవరాయలు ఈ కోటను వశపరచుకొని రాజధానిగా చేసికొనెను. 1614లో ఆయన మరణింపగా, వారసుడైన శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాజు బంధించి, సకుటుంబముగా వధింపించెను. వెలుగోటి యాచమనాయకుని యత్నమున బాలుడైన రామదేవుడు మాత్రము బ్రతికి బయటపడెను. ఒక చాకలి ఆ బాలుని బట్టల మూటలో దాచి కోట దాటించెనని పోర్చుగీసు క్రైస్తవ మతాచార్యుడు బర్రాదాస్ వ్రాసియున్నాడు. రాజవంశమును నిలిపిన ఆ చాకలి పేరు చరిత్రలో ప్రసిద్ధికి రాలేదు. 1806 జులై 10న సిపాయిలు ఆంగ్లేయులపై తిరుగబడినదియు ఈ కోటలోనే.

పాలారు ఒడ్డున ముత్తుమంటపము కలదు. సింహళ ద్వీపమున కండి రాజ్యమేలిన కడపటి రాజు శ్రీవిక్రమరాజసింహుని సమాధి అచ్చట నున్నది. 1815లో రాజ్యభ్రష్టుడై, మరుసటి యేట వేలూరికి బందీగా తేబడి, 1832లో ఇచ్చటనే కన్ను మూసెను. ఆయన వంశము మధుర నాయకులతో సంబంధము గల నాయక్కరు వంశము. మన నాయకుల కథ ఎంత దూరము ప్రయాణము చేసెనో ఈ సమాధి చెప్పుచున్నది.

ఇక గుడియాత్తము. వేలూరికి పడమరనున్న ఈ ఊరు చేమగ్గపు లుంగీలకును, అగ్గిపెట్టెలకును పేరుగన్నది. చిత్తూరు సీమ కొండలనుండి దిగివచ్చు కౌండిన్యానది ఊరి నడుమనుండి పోవుచున్నది. ఏటేట తమిళుల వైకాసి మాసపు తొలినాడు, అనగా మే నడుమ, ఇచ్చట గంగమ్మ ‘శిరస్సు’ ఉత్సవము జరుగును. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి అమ్మవారి శిరస్సు ఊరేగి, గోపాలపురమందలి గంగమ్మ గుడిలో మొండెముపై అమర్పబడును. ఇది రేణుకాకథ. ఇంచుమించు ఆ దినములలోనే తిరుపతిలోను గంగమ్మ జాతర సాగును. తమిళులు సైతము ఆ దేవతను ‘ముత్యాలమ్మన్’ అనియే పిలుతురు. ముత్యము అను తెనుగు మాట వారి నోట నిలిచియుండగా, మన పిల్లలు దానిని తమదిగా గుర్తింపకుండుట విచారకరము.

భోజన విషయమును విడువరాదు. వేలూరు జిల్లా ఇలవంబాడి ముళ్ళవంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన ఇండ్లలో అది గుత్తివంకాయ. ఆంబూరు బిరియానికి తోడుగా వడ్డించునదియు వంకాయ కూరయే. ఆర్కాటు మక్కన్ పేడాయు రుచి చూడదగినదే. అమ్మవారి గుడులలో పోయు రాగిజావను వారు కూళ్ అందురు, మనము అంబలి అందుము. పేర్లు రెండు, కుండ యొక్కటే.

2006 నాటి తమిళ బోధన చట్టము తరువాత ఈ సీమలో తెలుగు పాఠశాలల స్థితి క్లిష్టమైనది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. తెలుగు మరచుట మాత్రము తీరని నష్టము. ఇంట తెలుగు మాటాడియు ఆ మాటనే అరవ లిపిలో వ్రాసికొను తరము పెరుగుచున్నది. మాట నిలిచి అక్షరము పోయినచో, ఆ మాటయు రెండు తరములకు మించి నిలువదు. కావున తల్లిదండ్రులకు నా మనవి: ఆదివారము కోటకు పోవునప్పుడు పిల్లల చేతికొక పలక ఇయ్యుడు. ‘రాయవేలూరు’ అని, ‘ముత్యాలమ్మ’ అని, ‘అంబలి’ అని వ్రాయింపుడు. ఈ మూడు మాటలు వ్రాయనేర్చిన బిడ్డకు ఈ ఊరు పరాయిది కాదు, తెలుగును దూరము కాదు.