కాలం చెల్లిన యంత్రాలు, కొత్త వాద్యాలు: ‘ఎయిట్ బిట్ వెపన్’ జంట చిప్ సంగీతం

1994లో అమెరికాకు చెందిన కమొడోర్ కంప్యూటర్ సంస్థ దివాలా తీసింది. ఆ సంస్థ వ్యాపార చరిత్ర అక్కడితో దాదాపు ముగిసినట్లే. అయితే దాని యంత్రాలను కచేరీ వేదికపై వాద్యాలుగా నిలబెట్టిన వారిలో ముఖ్యులు ఆ తరువాతి కాలం వారే.

ఈ మార్పునకు మూలం 1981లో బాబ్ యానిస్ అనే ఇంజనీరు రూపొందించిన ‘సిడ్’ అనే ధ్వని చిప్. 1982లో విడుదలైన కమొడోర్ 64 కంప్యూటర్‌లో దీనిని అమర్చారు. అంతకుముందు వచ్చిన ధ్వని చిప్‌లు సంగీతం ఎరుగనివారు చేసినవని యానిస్ అభిప్రాయం. అందుకే ఆయన నాలుగు రకాల తరంగ రూపాలను, స్వరం ఎలా పుట్టి ఎలా అణగాలో నిర్ణయించే ఏర్పాటును, ధ్వనిని వడగట్టే ఫిల్టర్‌ను ఒకే చిప్‌లో ఇమిడ్చారు. ఇన్ని ఉన్నా ఒకేసారి పలికేవి మూడు స్వరాలే. బాణీకి ఒకటి, మంద్రానికి ఒకటి పోగా, తాళానికీ స్వరసమ్మేళనానికీ మిగిలేది ఒక్కటే. 1980లలో వీడియో గేములకు సంగీతం కూర్చిన రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటి బ్రిటిష్ స్వరకర్తలు దీనికొక ఉపాయం వాడారు. కలిసి మోగవలసిన స్వరాలను ఒకే గొంతుపై అతివేగంగా, ఒకదాని వెంట ఒకటిగా పలికించారు. చెవి వాటిని కలిపి వింటుంది, కానీ పూర్తిగా కాదు. మిగిలిపోయే ఆ వణుకే చిప్ సంగీతానికి ఆనవాలు. కొరతను కప్పిపుచ్చడానికి పుట్టినది శైలిగా స్థిరపడింది.

లాస్ ఏంజెలెస్‌కు చెందిన సేత్, మిషెల్ స్టెర్న్‌బర్గర్ దంపతుల ‘ఎయిట్ బిట్ వెపన్’ ఈ శైలిని వారసత్వంగా అందుకుంది. కమొడోర్ 64, నింటెండో గేమ్ బాయ్, ఆపిల్ 2 వీరి ప్రధాన వాద్యాలలో కొన్ని. 2012లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం వీడియో గేముల కళపై ప్రదర్శన ఏర్పాటు చేసిన సందర్భంలో వీరు అక్కడ కచేరీ చేశారు. మ్యూజియంలో పాత యంత్రం అద్దాల పెట్టెలో ఉండడం సహజం. అక్కడే అది మోగడం విశేషం.

వీరి కృషిని కేవలం గత స్మృతిగా కొట్టివేయడం తొందరపాటు. 2017 నాటి ‘క్లాస్ ఆపిల్స్’ ఆల్బమ్‌లో పాశ్చాత్య శాస్త్రీయ కృతులను ఆపిల్ 2 పై వినిపించారు. 1977 నాటి ఆ కంప్యూటర్‌లో ధ్వని కోసం ప్రత్యేక చిప్ లేదు. స్పీకరును ప్రాసెసరే స్వయంగా కదిలించాలి. అలాంటి యంత్రం నుంచి నాదం రాబట్టడం జ్ఞాపకం కాదు, సాధన.

అసలు చిక్కు వేరే ఉంది. సిడ్ తయారీ ఆగి చాలాకాలమైంది. పైగా దాని ఫిల్టర్ అనలాగ్ పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి, తొలితరం చిప్‌లలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా పలకవు. ఒక చిప్‌పై కూర్చిన పాట మరోదానిపై మందంగానో, పదునుగానో వినిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ అనుకరణలు, పోలిక చిప్‌లు వచ్చినా, అవి అనుకరించవలసింది ఏ సిడ్‌ను అన్న ప్రశ్న మిగిలే ఉంది. అసలు చిప్ కాలిపోతే, దాని స్థానంలో పెట్టడానికి మరో పాత కమొడోర్‌ను విప్పవలసిందే.