నెల్లూరు తీరం నుంచి న్యాయవాద వృత్తిలోకి: ప్రకాశం, అల్లాడిల ప్రవేశమార్గాలు – శిక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం

పేరున్న న్యాయవాద సంస్థల్లో శిక్షణావకాశాల కోసం న్యాయశాస్త్ర విద్యార్థుల మధ్య నడుస్తున్న పోటీని ఆర్థిక సరళీకరణ తరువాతి పరిణామంగా భావించడం పరిపాటి. పాత నెల్లూరు జిల్లా నుంచి మద్రాసు హైకోర్టుకు చేరిన టంగుటూరి ప్రకాశం, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ల ప్రవేశమార్గాలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. వృత్తి ప్రవేశానికి పరీక్ష ఒక ద్వారం, శిక్షణ మరొక ద్వారం. మొదటిది చట్టం ద్వారా క్రమంగా అందరికీ తెరుచుకుంది. రెండవది స్థోమత, పరిచయాల చేతిలోనే మిగిలింది. నేటి పోటీకి మూలం ఈ వ్యత్యాసంలో ఉందన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: ప్లీడరు, వకీలు, అప్రెంటిస్, మద్రాసు హైకోర్టు, నెల్లూరు, న్యాయవాద సంస్థ, జూనియర్.

1. ఉపోద్ఘాతం

నెల్లూరులో న్యాయశాస్త్రం చదివిన విద్యార్థి పట్టా పుచ్చుకుని బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటే న్యాయవాది అవుతాడు. అఖిల భారత బార్ పరీక్ష కూడా గట్టెక్కితే ప్రాక్టీసుకు చట్టపరమైన అడ్డంకి ఉండదు. అయితే దావా ఎలా రాయాలి, సాక్షిని ఏ వరుసలో ప్రశ్నించాలి, ఒక ఒప్పందంలో ఏ షరతు కక్షిదారును ముంచుతుంది అనే విషయాలు నేర్పే చోటు వేరు. అది సీనియర్ న్యాయవాది ఆఫీసు గానీ, న్యాయవాద సంస్థ గానీ కావచ్చు. అక్కడ చోటు దొరకడమే అసలు పరీక్ష. ఈ పరిస్థితి ఎప్పటి నుంచి ఉంది? దీనిని మార్చే ప్రయత్నాలు జరిగాయా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

ఇక్కడ 'నెల్లూరు తీరం' అన్న మాట పాత జిల్లా పరిధిని సూచిస్తుంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో భాగం.

2. ప్రెసిడెన్సీలో వృత్తి మెట్లు

1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడిన తరువాత న్యాయవాదులందరూ ఒకే శ్రేణికి చెందినవారు కారు. ఇంగ్లండులో చదివి వచ్చిన బారిస్టర్లు పై మెట్టున ఉండేవారు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో బి.ఎల్. పొందినవారు హైకోర్టు వకీళ్ళయ్యేవారు. జిల్లా, తాలూకా కోర్టులలో మొదటి, రెండవ తరగతి ప్లీడర్లు పనిచేసేవారు. వీరి అర్హతలను 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం క్రమబద్ధం చేసింది. వీరందరికీ వెలుపల, పట్టా లేకుండానే కాగితాలు రాసిపెట్టి వ్యాజ్యాలు నడిపించే ప్రైవేటు వకీళ్ళుండేవారు. 'కన్యాశుల్కం'లో సౌజన్యారావు పంతులు, ప్రైవేటు వకీలు నాయుడు ఒకే నాటకంలో కనిపించడం ఆనాటి ఈ అంతరాలకు సాహిత్య సాక్ష్యం.

కక్షిదారుకూ బారిస్టరుకూ నడుమ అటార్నీలనే వేరొక వర్గం ఉండేది. నేటి న్యాయవాద సంస్థలకు వీరి ఆఫీసులే పూర్వరూపం. అటార్నీ కాగోరేవాడు ఒక అటార్నీ వద్ద ఒప్పందం రాసుకుని ఆర్టికిల్డ్ క్లర్కుగా పనిచేయాలి. ఈ పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1729 నాటి చట్టం అటార్నీలకు ఐదేళ్ళ శిక్షణను తప్పనిసరి చేసింది. 1794లో ఆ ఒప్పంద పత్రంపై 100 పౌండ్ల స్టాంపు సుంకం కూడా విధించారు. అంటే శిక్షణ గది తలుపు మీద ధర రాసి ఉండటం కొత్త విషయం కాదు.

3. టంగుటూరి ప్రకాశం: మెట్టు మెట్టుగా

ప్రకాశం 1872లో ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో తల్లి సుబ్బమ్మ ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. పరీక్ష రుసుముకు సైతం వెతుక్కోవలసిన కుటుంబం అది. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆదరించి రాజమండ్రికి వెంటబెట్టుకుని వెళ్ళకపోతే ఆయన చదువు ఒంగోలులోనే ఆగిపోయి ఉండేది. ప్రకాశం స్వీయచరిత్ర 'నా జీవిత యాత్ర' ఈ దశకు ప్రధాన ఆధారం.

ఆయన ముందుగా అందుకున్నది రెండవ తరగతి ప్లీడరు పట్టా. రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది, సంపాదనా పెరిగింది. అయినా ఆ పట్టాకు పైకోర్టుల్లో వాదించే హక్కు లేదు. పనితనం ఎంత ఉన్నా శ్రేణి మారదు. శ్రేణి మారాలంటే సముద్రం దాటాలి. 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై తిరిగివచ్చి, 1907 నుంచి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేశారు. 1921లో సహాయనిరాకరణోద్యమ కాలంలో ఆ వృత్తినే వదులుకున్నారు.

ఇక్కడ గమనించవలసినది కాలక్రమం. లండను ప్రయాణానికి కావలసిన స్థోమతను ఆయనకు సమకూర్చింది కింది మెట్టున చేసిన ప్రాక్టీసే. అంటే పై మెట్టుకు చేరడానికి కింది మెట్టు మీద దాదాపు ఒక దశాబ్దం నిలబడవలసి వచ్చింది.

4. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్: సీనియర్ నీడన

అల్లాడి 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో జన్మించారు. తండ్రి ఏకామ్రశాస్త్రి పౌరోహిత్యం చేసేవారు. కృష్ణస్వామి మెట్రిక్యులేషన్ ముగించినది 1899లో. బెజవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తయినదీ ఆ ఏడాదే. అంతకు పూర్వం ఈ తీరవాసులకూ సరకులకూ మద్రాసు చేరడానికి బకింగ్‌హాం కాలువ పడవలు ఒక ముఖ్య సాధనం. అల్లాడి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చరిత్ర చదివి, బి.ఎల్. పూర్తిచేశారు.

బి.ఎల్. తరువాత ఆయన అప్రెంటిస్‌గా చేరినది పి.ఆర్. సుందరయ్యర్ వద్ద. సుందరయ్యర్ మైలాపూరు న్యాయవాద వర్గంలో అగ్రగణ్యుడు, తరువాత హైకోర్టు న్యాయమూర్తి. 1891లో మొదలైన 'మద్రాస్ లా జర్నల్' స్థాపకులలో ఒకరు. అటువంటి సీనియర్ ఆఫీసులో అప్రెంటిస్‌కు దొరికేది కేసు కాగితాలు మాత్రమే కాదు. తీర్పులను విమర్శనాత్మకంగా చదివే వాతావరణం, న్యాయమూర్తులకు తెలిసిన పేరు, తరువాతి కక్షిదారులు. సి.పి. రామస్వామి అయ్యర్ వి. కృష్ణస్వామి అయ్యర్ వద్ద శిక్షణ పొందడమూ ఇదే కోవలోనిది. అల్లాడి 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా ఉన్నారు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులయ్యారు.

ఆయన ప్రతిభ నిస్సందేహం. అయితే ఆ ప్రతిభకు తగిన గది తొలినాళ్ళలోనే దొరికింది. ప్రకాశానికి అది దొరకలేదు. ఇద్దరి మార్గాల మధ్య ప్రధాన భేదం ఇదే.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఇద్దరూ బ్రాహ్మణ కుటుంబాల వారు; డబ్బు లేకున్నా అక్షరం ఇంట ఉన్నవారు. అదే తీరంలోని యానాది గూడేలకు, పట్టపు పల్లెలకు ఈ మెట్లలో మొదటిదీ అందుబాటులో లేదు. నేరస్థ జాతుల చట్టం కింద కావలిలో సెటిల్‌మెంటు నడిచిన జిల్లా ఇది. ఆ నిర్బంధం అనుభవించిన సమూహాలకు న్యాయస్థానం బోను వైపు నుంచే పరిచయమైంది. స్త్రీల విషయంలో 1923 చట్టం వచ్చేవరకు న్యాయవాద వృత్తికి ద్వారమే లేదు.

5. చట్టం నుంచి తొలగిన శిక్షణ

1926 నాటి బార్ కౌన్సిళ్ళ చట్టం శ్రేణుల మధ్య గోడలను బలహీనపరిచింది. 1961 అడ్వొకేట్ల చట్టం దేశమంతటా అడ్వొకేట్ అనే ఒకే శ్రేణిని నెలకొల్పింది. రెండవ తరగతి ప్లీడరుగా మొదలైన ప్రకాశం జీవితాన్ని చూస్తే ఈ సంస్కరణ విలువ తెలుస్తుంది.

ఆ చట్టంలో నమోదుకు ముందు శిక్షణ, పరీక్ష ఉండాలన్న నిబంధన మొదట ఉండేది. 1973 సవరణ దానిని తొలగించింది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణను నియమావళి ద్వారా తిరిగి ప్రవేశపెట్టింది. పార్లమెంటు తొలగించిన షరతును నియమాల రూపంలో తెచ్చే అధికారం కౌన్సిల్‌కు లేదంటూ 1999లో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ విధంగా శిక్షణ వృత్తి బాధ్యత కాకుండా పోయి, దొరికినవారి అదృష్టమైంది.

దీనికి తోడు నెల్లూరు విద్యార్థికి శిక్షణ కేంద్రమే పలుమార్లు మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక హైకోర్టు 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి వెళ్ళింది. హైకోర్టు మారిన ప్రతిసారీ సీనియర్లతో తరతరాల పరిచయాలు తెగి, మళ్ళీ మొదటినుంచి అల్లుకోవలసి వచ్చింది.

6. నేటి ఎంపిక విధానం

నేటి పెద్ద న్యాయవాద సంస్థలు ప్రధానంగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రాంగణాల నుంచి నియామకాలు చేస్తాయి. విద్యార్థి దశలోనే ఇంటర్న్‌గా తీసుకుని, పని నచ్చితే చదువు ముగియకముందే ఉద్యోగం ప్రతిపాదిస్తాయి. కాబట్టి పోటీ పట్టా తరువాత గాక, రెండవ మూడవ సంవత్సరంలోనే మొదలవుతుంది. మార్కులు, మూట్ కోర్టు అనుభవం, ప్రచురించిన వ్యాసాలు, పూర్వ ఇంటర్న్‌షిప్‌లు ఎంపికలో పరిగణనకు వస్తాయి. మొదటి ఇంటర్న్‌షిప్‌కు చోటు చూపించే పరిచయం ఎవరికి ఉంటుందన్నది ఈ జాబితాలో కనిపించని అంశం.

2008 న్యాయవిద్యా నియమాల ప్రకారం మూడేళ్ళ కోర్సులో 12 వారాలు, ఐదేళ్ళ కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలా చోట్ల దానికి భృతి లేదు. నెల్లూరు నుంచి హైదరాబాదులోనో చెన్నైలోనో నెల రోజులు ఉండటానికి అయ్యే ఖర్చు కుటుంబానిదే. ఇంగ్లండులో 2021 నుంచి కొత్త సొలిసిటర్ పరీక్షతో పాటు రెండేళ్ళ అర్హతానుభవం తప్పనిసరి; దానిని నాలుగు వేర్వేరు సంస్థల వరకు కలిపి లెక్కించవచ్చు. అక్కడ శిక్షణ నేటికీ వృత్తి అర్హతలో అంతర్భాగమే.

మన దగ్గర ఉపశమన చర్యలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో జూనియర్ న్యాయవాదులకు నెలకు రూ.5,000 చొప్పున భృతి పథకం ప్రారంభించింది. 2024 జులైలో సుప్రీంకోర్టు నమోదు రుసుము చట్టంలో ఉన్న రూ.750కి, ఎస్సీ, ఎస్టీలకు రూ.125కు మించరాదని తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో రూ.20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15,000 నెలసరి భృతిని సిఫార్సు చేసింది. మొదటి రెండు చర్యలకు ప్రభుత్వ, న్యాయస్థాన ఆదేశాల బలం ఉంది. మూడవది సిఫార్సు మాత్రమే. నమోదు రుసుముపై ఆజ్ఞ ఉంది. శిక్షణకు సంబంధించి వృత్తిపై ఆజ్ఞ లేదు.

7. ముగింపు

1953 అక్టోబరు 1న ప్రకాశం ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రోజులకు, అక్టోబరు 3న, అల్లాడి మద్రాసులో కన్నుమూశారు. ఒకే జిల్లా నుంచి బయలుదేరిన ఇద్దరిలో ఒకరికి సీనియర్ ఆఫీసు దారి చూపింది. మరొకరు తానే దారి కొనుక్కున్నారు. ప్రకాశం గెలుపును పట్టుదలకు ఉదాహరణగా పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. అటువంటి పట్టుదల ఉండీ ఒక హనుమంతరావు నాయుడు తారసపడనివారి గురించి ఏ స్వీయచరిత్రా లేదు. వారి సంఖ్యే ఎక్కువ అయి ఉండాలి.

కాబట్టి శిక్షణార్థుల ఎంపికను వ్యక్తిగత సామర్థ్యపు పోటీగా మాత్రమే బోధించడం చరిత్రకు అన్యాయం. జిల్లా న్యాయ కళాశాలలు స్థానిక సీనియర్లతో భృతి సహిత ఇంటర్న్‌షిప్ ఒప్పందాలు చేసుకోవడం, పార్లమెంటు 1973లో తొలగించిన శిక్షణను భృతి హామీతో పునఃపరిశీలించడం అవసరం. భృతి లేని నిర్బంధ శిక్షణ పాత గోడనే మళ్ళీ కడుతుంది. రుసుము తగ్గించి తెరిచిన ద్వారం వెనుక మరొక మూసిన తలుపు ఉన్నంతకాలం, పట్టా అందుకున్న విద్యార్థి వృత్తి గుమ్మం బయటే నిలబడి ఉంటాడు.