మేళం ఎటు పోయింది?

యూరప్‌లో ఓ మాదిరి పట్నానికి కూడా సొంత సింఫనీ ఆర్కెస్ట్రా ఉంటుంది. బందరుకీ గుడివాడకీ అలాంటిది లేదు. కానీ ఆ చుట్టుపక్కలే, పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో, ఒక ఊరు వందల ఏళ్లు సంగీతం మీదా వేషం మీదా బతికింది. కూచిపూడి. ఇవాళ ఆ పేరు చెప్తే మనకి ఒక అమ్మాయి, ఇత్తడి పళ్లెం గుర్తొస్తాయి. అప్పట్లో అది మేళం.

మేళంలో కేంద్రం నర్తకి కాదు, సూత్రధారుడు. తాళాలు ఆయన చేతిలో ఉంటాయి. పాడతాడు, కథ చెప్తాడు, భామాకలాపంలో మాధవుడిగానో మాధవిగానో మారి సత్యభామతో వాదనకి దిగుతాడు. ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబడే కండక్టరు ఉన్నట్టుండి ఇటు తిరిగి కథానాయికతో పోట్లాట మొదలెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పక్కన మృదంగం, శ్రుతి, తర్వాతి రోజుల్లో ఫిడేలు. వేషగాడు కూడా తన దరువు తానే పాడుకోవాలి. కాగడాల మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని లేచే వెలుగులో, తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడేది. ఓడించగలిగినవాళ్లు రండి అని సవాలన్నమాట.

ఈ మేళాలు ఊళ్లు తిరిగేవి. వినోదం ఒక్కటే కాదు. మాచుపల్లి కైఫియత్తులో ఒక కథ ఉంది: సిద్ధవటం ప్రాంతంలో సమ్మెట గురవరాజు ప్రజల్ని పెడుతున్న హింసని కళాకారులు విజయనగర రాజు వీర నరసింహుడి ముందు వేషం కట్టి చూపించారట, రాజు వాణ్ని శిక్షించాడట. ఆ కళాకారులు కూచిపూడి వాళ్లేనంటారు. గోల్కొండ తానీషా వీళ్ల ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడనీ చెప్పుకుంటారు.

అయితే చూసేది ఊరంతా, ఆడేది మాత్రం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు. ఈ మాట దాటేసి మేళాన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. భామాకలాపం ఆడిన కళావంతుల స్త్రీలు ఉన్నారు. 1947 మద్రాసు చట్టంతో దేవదాసీ వ్యవస్థ పోయింది, వాళ్ల కళకి కూడా వేదిక లేకుండా పోయింది. (అదే డెల్టాలో, దివిసీమ పెదకళ్లేపల్లిలో, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ద్వారా త్యాగరాజ శిష్యపరంపర పారుపల్లి రామకృష్ణయ్య పంతులికీ, ఆయన నుంచి బాలమురళీకృష్ణకీ అందింది. అది ఇంకో వ్యాసం.)

తర్వాతి సంగతి తెలిసిందే. 1958లో ఢిల్లీ సెమినార్‌లో కూచిపూడి శాస్త్రీయమా కాదా అనే వాదన. 1961లో, స్త్రీ వేషాలకి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకి సంగీత నాటక అకాడమీ పురస్కారం. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో పెట్టిన అకాడమీ. ఆడపిల్లలు వందలుగా నేర్చుకున్నారు.

ఆడవాళ్లు వచ్చారు కాబట్టి మేళం పోయింది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దాన్ని మింగింది సభ. రాత్రంతా సాగే కలాపం గంటన్నర కార్యక్రమంలో పట్టదు. సోలో ఐటెమ్ అయితే పడుతుంది. సోలోలో సత్యభామతో వాదించడానికి మనిషి అక్కర్లేదు కాబట్టి సూత్రధారుడు పక్కన కూర్చుని నట్టువాంగం చేసేవాడయ్యాడు. పాట వేషగాడి నోట్లోంచి గాయకుడి మైకులోకి వెళ్లింది. అక్కణ్ణుంచి చాలాచోట్ల పెన్‌డ్రైవ్‌లోకి. నలుగురు వాద్యగాళ్లకి పారితోషికం, రానుపోను ఖర్చులు ఇచ్చుకోలేక ట్రాక్ పెట్టుకునే టీచర్లని తప్పు పట్టలేం. కాకపోతే ట్రాక్‌కి ఎదురుగా ఎవరున్నారో తెలీదు. సూత్రధారుడైతే జనం మొహాలు చూసి, అదే దరువు ఇంకోసారి ఎత్తుకునేవాడు.