లండన్ వాయు కాలుష్య నియంత్రణ: స్థానిక ప్రభుత్వాల పాత్ర

లండన్ గాలిని శుభ్రపరచడానికి వెస్ట్రీలనే పాత పేట సభలు, బరోలనే నగర విభాగాల కౌన్సిళ్లు, కౌంటీ కౌన్సిల్, ఆ తరువాత మేయర్ కార్యాలయం 19వ శతాబ్దం నడిమి నుంచి నేటి దాకా చేస్తూ వచ్చిన ప్రయత్నాల చరిత్ర ఇది. చట్టాలు చేసింది పార్లమెంటు. వాటిని వీధుల్లోకి, ఇళ్లలోకి తీసుకెళ్లింది స్థానిక సంస్థలు. పొగ మీద చట్టం ఉండి కూడా పొగ తగ్గని కాలం లండన్‌లో దాదాపు వందేళ్లు నడిచింది. ఇంటి పొయ్యి జోలికి వెళ్లే అధికారం, ఆ పొయ్యి మార్చడానికి కావలసిన డబ్బు కౌన్సిళ్లకు ఒకేసారి అందాకే పరిస్థితి మారింది.

తొలినాళ్లు

ఇంగ్లండు ఈశాన్య తీరం నుంచి ఓడల్లో వచ్చే బొగ్గును లండన్‌లో కాల్చకూడదని మొదటి ఎడ్వర్డ్ రాజు 1306లో ఆజ్ఞ వేశాడు. అడవులు తరిగి కట్టెల ధర పెరిగిపోతుంటే ఆ ఆజ్ఞను పట్టించుకున్నవారు తక్కువ. 1661లో జాన్ ఎవెలిన్ అనే రచయిత ‘ఫ్యూమిఫూజియం’ పేరిట ఒక చిన్న పుస్తకం రాసి రెండవ చార్లెస్‌కు సమర్పించాడు. పొగ కక్కే బట్టీలను ఊరి బయటికి తరలించాలని, నగరం చుట్టూ సువాసన మొక్కలు నాటాలని అందులో కోరాడు. రాజు మెచ్చుకున్నాడు, బట్టీలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

నల్ల పొగ చట్టాలు

పామర్‌స్టన్ హోం మంత్రిగా ఉండగా 1853లో లండన్ కోసం ప్రత్యేకంగా పొగ నివారణ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీల కొలుములు, థేమ్స్ నదిలోని ఆవిరి పడవలు దీని పరిధిలోకి వచ్చాయి. అమలు బాధ్యత పోలీసులది. 1891 నాటి లండన్ ప్రజారోగ్య చట్టం ఆ పనిలో పెద్ద భాగాన్ని స్థానిక పారిశుద్ధ్య సంస్థలకు అప్పగించింది. కాగితం మీద ఇది ముందడుగే. ఆచరణలో రెండు చిక్కులు వచ్చాయి. కేసు నిలబడాలంటే గొట్టం నుంచి వచ్చిన పొగ ‘నల్లగా’ ఉందని రుజువు కావాలి. తమ పొగ ముదురు గోధుమ రంగుదేనని వాదించి బయటపడిన యజమానులు ఉన్నారు. రెండో చిక్కు ఇంకా పెద్దది. ఇళ్ల పొగ గొట్టాలకు చట్టం పూర్తిగా మినహాయింపు ఇచ్చింది. గోడలోని బొగ్గు పొయ్యి చుట్టూ కుటుంబమంతా చేరి చలి కాచుకోవడం ఆంగ్లేయుడి గృహజీవితానికి గుర్తు, ఓటరు పొయ్యి మీద చేయి వేసే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది.

చిత్రకారుడు విలియం బ్లేక్ రిచ్‌మండ్ 1898లో బొగ్గు పొగ నివారణ సంఘాన్ని స్థాపించాడు. మిట్టమధ్యాహ్నం బొమ్మ వేసుకోవడానికి కూడా వెలుతురు చాలడం లేదన్నది ఆయన బాధ. లండన్ తరహా పొగ చట్టం మన దేశానికీ వచ్చింది. కలకత్తా, హౌరా ఫ్యాక్టరీల కోసం 1905లో బెంగాల్ పొగ నివారణ చట్టం చేశారు. 1926లో బ్రిటన్ చట్టాన్ని సవరించి పొగ రంగు నిబంధనను సడలించారు గానీ ఇళ్ల మినహాయింపు అలాగే ఉండిపోయింది.

1952 డిసెంబరు

1952 డిసెంబరు 5 శుక్రవారం లండన్ మీద గాలి స్తంభించింది. నేలకు దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా పరుచుకోవడంతో పొగ పైకి పోయే దారి మూసుకుపోయింది. చలికి జనం పొయ్యిల్లో బొగ్గు ఇంకా ఎక్కువగా వేశారు. మేలురకం బొగ్గు ఎగుమతికి పోతుండగా ఇళ్లకు దొరికింది నాసిరకమే, పొగ ఎక్కువ, వేడి తక్కువ. ఆ రోజుల్లో రోజుకు సుమారు 1000 టన్నుల పొగ రేణువులు, 370 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ నగరపు గాలిలో చేరాయని అంచనా. ఆ సల్ఫర్ డయాక్సైడ్ మంచు బిందువుల్లో కరిగి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారింది.

బస్సుల ముందు కండక్టర్లు దీపం పట్టుకుని నడిచారు. పొగ లోపలికి దూరి వేదిక కనబడకపోవడంతో శాడ్లర్స్ వెల్స్ థియేటర్‌లో ‘లా ట్రావియాటా’ ఆపెరాను మధ్యలోనే ఆపేశారు. ఎర్ల్స్ కోర్ట్ పశువుల ప్రదర్శనకు తెచ్చిన కొన్ని పశువులు ఊపిరాడక చనిపోయాయి. 9వ తేదీన గాలి మళ్లీ కదిలింది. అప్పటికి ఎంతమంది పోయారో ఎవరికీ తెలియదు. శవపేటికలు చాలడం లేదని అవి చేసేవాళ్లు, పూలు దొరకడం లేదని పూలవాళ్లు అంటుంటే తప్ప నగరానికి విషయం అర్థం కాలేదు.

లెక్క తేల్చింది మరణాల రిజిస్టర్లు. లండన్ కౌంటీ పరిధిలో డిసెంబరు 6తో ముగిసిన వారంలో 945 మరణాలు నమోదైతే, 13తో ముగిసిన వారంలో 2,484 నమోదయ్యాయి. ఎక్కువమంది వృద్ధులు, పసిపిల్లలు, అప్పటికే ఉబ్బసం, గుండె జబ్బులు ఉన్నవారు. మొత్తం అదనపు మరణాలు సుమారు 4,000 అని ఆనాటి అధికారిక అంచనా. తరువాతి నెలల్లోనూ మరణాలు మామూలు కంటే ఎక్కువగా ఉండగా ప్రభుత్వం ఆ నెపాన్ని ఫ్లూ మీదికి నెట్టింది. 2001లో పరిశోధకులు ఆ అంకెలను మళ్లీ పరిశీలించి అసలు సంఖ్య 12,000 వరకు ఉండవచ్చని తేల్చారు.

గృహనిర్మాణ, స్థానిక పాలనా మంత్రి హరాల్డ్ మాక్‌మిలన్ మొదట కొత్త చట్టం అవసరం లేదనే ధోరణిలో ఉన్నాడు. పార్లమెంటులో ఒత్తిడి పెరిగాక 1953 జులైలో సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీల మీద నమ్మకం లేనివాళ్లు కూడా ఈ ఒక్కదాన్ని ఒప్పుకోక తప్పదు. 1954 నవంబరులో ఇచ్చిన తుది నివేదికలో ఇంటి పొయ్యిని నేరుగా ప్రస్తావించి, దాన్ని వదిలేసి పొగను అరికట్టడం సాధ్యం కాదని తేల్చిచెప్పింది.

పొయ్యిల మార్పిడి

పొగరహిత ప్రాంతం అనే ఆలోచన లండన్‌లో పుట్టింది కాదు. మాంచెస్టర్ నగర కార్పొరేషన్ 1946లోనే తన సొంత చట్టం ద్వారా ఆ అధికారం తెచ్చుకుంది. కొవెంట్రీ 1951లో, మాంచెస్టర్ 1952లో అలాంటి ప్రాంతాలను అమల్లోకి తెచ్చాయి. లండన్‌లో ముందుగా కదిలింది నగరం నడిమధ్యలోని చిన్న పాత భాగాన్ని పాలించే సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్. 1954లో ప్రత్యేక చట్టం తెచ్చుకుని 1955 అక్టోబరు 1 నుంచి తన చదరపు మైలు మొత్తాన్ని పొగరహితం చేసింది. అక్కడ బ్యాంకులు, ఆఫీసులే తప్ప కాపురాలు తక్కువ, కాబట్టి పని సులువైంది. లక్షల ఇళ్లున్న బరోల్లో అది సాగే పని కాదు.

1956 జులైలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ఆమోదం పొందింది. స్థానిక కౌన్సిళ్లు తమ పరిధిలో ‘పొగ నియంత్రణ ప్రాంతం’ ప్రకటించవచ్చు, మంత్రి ఆమోదం పొందితే అది అమల్లోకి వస్తుంది. ఆ ప్రాంతంలో గొట్టం నుంచి పొగ వస్తే నేరం, అది ఇంటి గొట్టమైనా సరే. ఈ చట్టం బతికింది దాని డబ్బు నిబంధన వల్ల. పొయ్యి మార్పిడికయ్యే ఖర్చులో పదింట ఏడు వంతులు గ్రాంటుగా వచ్చేవి. అందులో నాలుగు వంతులు కేంద్ర ఖజానావి, మూడు వంతులు కౌన్సిల్‌వి. ఇంటివారు పెట్టుకోవలసింది మిగిలిన మూడు వంతులే.

తరువాతి పదేళ్లు ప్రజారోగ్య ఇన్‌స్పెక్టర్లు వీధి వీధి తిరిగారు. ప్రతి ఇంట్లో ఎన్ని పొయ్యిలున్నాయి, వాటిలో ఏవి వాడుతున్నారు, గ్యాసు గొట్టం వేసే వీలుందా, పొగ రాని కోక్ బొగ్గు కాల్చే కొత్త జాలి సరిపోతుందా అని రాసుకున్నారు. పాత జాలి పీకి గ్యాసు మంట పెట్టించుకున్నవారు కొందరు, విద్యుత్ హీటరు కొనుక్కున్నవారు కొందరు. పొగ రాని ఇంధనం దొరక్క కొన్ని కౌన్సిళ్లు గడువు పొడిగించుకోవలసి వచ్చింది. 1962 డిసెంబరులో మళ్లీ అలాంటి పొగమంచే కమ్మింది. సల్ఫర్ డయాక్సైడ్ 1952 నాటి స్థాయికి చేరినా నల్ల పొగ బాగా తక్కువగా ఉంది. మరణాలు ఈసారి వందల్లో ఆగాయి. అప్పటికి సగంలోనే ఉన్న కార్యక్రమానికి అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

అయినా కొన్ని కౌన్సిళ్లు మొండికేశాయి. చట్టం అధికారం ఇచ్చిందే గానీ వాడి తీరాలని చెప్పలేదు. ఆ లొసుగును 1968 చట్టం పూడ్చింది, ముందుకు రాని కౌన్సిల్‌ను ఆదేశించే అధికారం మంత్రికి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఘనత మొత్తం చట్టానిదే కాదు. ఉత్తర సముద్రపు సహజ వాయువు 1960ల చివరి నుంచి చవకగా ఇళ్లకు చేరడం, నగరం మధ్యలోని విద్యుత్ కేంద్రాలు మూతపడటం కూడా కలిసొచ్చాయి. థేమ్స్ ఒడ్డున ఉన్న బ్యాంక్‌సైడ్ కేంద్రం 1981లో, బ్యాటర్‌సీ కేంద్రం 1983లో ఆగిపోయాయి.

బొగ్గు పోయి డీజిల్ వచ్చె

కంటికి కనిపించే పొగ పోయాక గాలి బాగుపడిందని అందరూ అనుకున్నారు. 1991 డిసెంబరులో గాలి మళ్లీ స్తంభించినప్పుడు ఈసారి పేరుకుపోయింది వాహనాల నైట్రోజన్ డయాక్సైడ్. 1986లోనే గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను రద్దు చేయడంతో నగరం మొత్తానికి కలిపి బాధ్యత వహించే ఎన్నికైన సంస్థ అప్పుడు లేదు. బరోలే చేతులు కలిపి 1993లో లండన్ గాలి నాణ్యత కొలతల వ్యవస్థను మొదలుపెట్టాయి. 1995 పర్యావరణ చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్ తన పరిధిలో గాలిని కొలిచి, ప్రమాణం మించినచోట ప్రత్యేక ప్రాంతం ప్రకటించి ప్రణాళిక రాయాలి. ప్రణాళికలు చాలా వచ్చాయి. ట్రాఫిక్‌ను ఆపే అధికారం లేని కౌన్సిల్ ఎన్ని ప్రణాళికలు రాసి మాత్రం ఏం లాభం?

మేయర్ల కాలం

2000లో ఏర్పడిన గ్రేటర్ లండన్ అథారిటీ ఆ లోటు తీర్చింది. తొలి మేయర్ కెన్ లివింగ్‌స్టన్ 2003 ఫిబ్రవరి 17న నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలపై రోజుకు 5 పౌండ్ల రద్దీ రుసుము విధించాడు. దాని ఉద్దేశం ట్రాఫిక్ తగ్గించడమే. గాలి కోసం చేసింది 2008 ఫిబ్రవరిలో మొదలైన తక్కువ ఉద్గారాల మండలం. కాలుష్యం ఎక్కువ వదిలే వాహనాలపై రుసుము వేసే ఆ పథకం పెద్ద డీజిల్ లారీలతో మొదలైంది. ఆ తరువాతి మేయర్ బోరిస్ జాన్సన్ వ్యాన్లకు వర్తించే దశను 2010 నుంచి 2012కు వాయిదా వేశాడు. అదే కాలంలో కొన్ని రోడ్ల మీద దుమ్మును పట్టి ఉంచే ద్రావణం చల్లించారు. చల్లిన చోట్లలో గాలిని కొలిచే యంత్రాల పరిసరాలు కూడా ఉండటంతో జబ్బును వదిలి థర్మామీటరుకు వైద్యం చేస్తున్నారని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది.

2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులో ప్రజారోగ్య బాధ్యత తిరిగి స్థానిక కౌన్సిళ్లకు వచ్చింది. అయినా 2017 నాటికి బ్రిక్స్‌టన్ రోడ్డులో పరిస్థితి ఎలా ఉందంటే, నైట్రోజన్ డయాక్సైడ్ గంట సగటు పరిమితిని ఏడాది మొత్తంలో 18 సార్లు దాటవచ్చని చట్టం అనుమతిస్తే, ఆ కోటా జనవరి 5 నాటికే అయిపోయింది.

మేయర్ సాదిక్ ఖాన్ 2019 ఏప్రిల్ 8న నగర కేంద్రంలో అతి తక్కువ ఉద్గారాల మండలాన్ని ప్రారంభించాడు. పాత ప్రమాణాల కారు తిప్పితే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. 2021 అక్టోబరులో ఈ మండలం నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల వరకు విస్తరించింది. మధ్యలో 2020 డిసెంబరులో ఒక తీర్పు వెలువడింది. లెవిషమ్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర నివసించి 2013లో తీవ్రమైన ఉబ్బసంతో మరణించిన తొమ్మిదేళ్ల ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని మరణ విచారణాధికారి అయిన కరోనర్ ప్రకటించాడు. ఒక వ్యక్తి మరణ కారణాల్లో కలుషిత గాలిని అధికారికంగా చేర్చడం బ్రిటన్‌లో అదే మొదటిసారి.

2023లో మండలాన్ని నగరమంతటికీ విస్తరించాలనుకున్నప్పుడు ఎదురుతిరిగింది స్థానిక సంస్థలే. బెక్స్‌లీ, బ్రోమ్లీ, హారో, హిల్లింగ్‌డన్ బరోలు, పొరుగున ఉన్న సర్రీ కౌంటీ కలిసి కోర్టుకెక్కాయి. శివార్లలో బస్సులు, రైళ్లు తక్కువ, పాత కారే దిక్కైన పనివాళ్ల మీద భారం పడుతుందన్నది వాటి వాదన. అది కొట్టిపారేయదగిన మాట కాదు. హైకోర్టు జులై 28న కేసు కొట్టేసింది. పాత వాహనం తుక్కుకిచ్చేవారికి సాయంగా 11 కోట్ల పౌండ్లతో మొదలుపెట్టిన పథకంలో మొదట సంక్షేమ సాయం పొందేవారి వంటి కొన్ని వర్గాలకే చోటిచ్చి, అమలుకు వారం ముందు లండన్‌వాసులందరికీ తెరిచారు. 1956 చట్టంలోని పదింట ఏడు వంతుల లెక్క గుర్తున్నవారెవరైనా ఈ పని ముందే చేసి ఉండాల్సిందంటారు. ఆగస్టు 29న విస్తరణ అమల్లోకి వచ్చింది. శివార్లలో వాహనాల నంబర్లు పట్టే కెమెరాల తీగలు కొన్ని నెలలపాటు వ్యతిరేకుల చేతిలో తెగుతూనే ఉన్నాయి.

పొగ నియంత్రణ ప్రాంతాలు నేటికీ అమల్లో ఉన్నాయి. ఫ్యాషన్‌గా తిరిగొచ్చిన కట్టెల పొయ్యిల వల్ల కౌన్సిళ్లకు మళ్లీ వాటితో పని పడింది. 2021 పర్యావరణ చట్టం ప్రకారం పొగ వదిలిన ఇంటికి కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల దాకా నేరుగా జరిమానా వేయవచ్చు. నైట్రోజన్ డయాక్సైడ్‌కు బ్రిటన్ చట్టం పెట్టిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 10కి తగ్గించింది. లండన్‌లోని రద్దీ రోడ్లు ఆ పదికి ఇంకా దూరంగానే ఉన్నాయి.