కొండెక్కాల్సిన దీపం

మన ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని ఎవరూ అనరు. ‘కొండెక్కింది’ అంటాం. ఆ మాట అనేటప్పుడు కూడా మనసు కాస్త చివుక్కుమంటుంది. అలాంటిది, ఎప్పుడు కొండెక్కుతుందా అని ఇంటిల్లిపాదీ కళ్ళలో వత్తులు వేసుకుని చూసిన దీపం ఒకటి ఈమధ్య మా కార్లో వెలిగింది.

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్టుకి దగ్గర్లో ఇల్లు. మా అమ్మాయి రోజూ కారు వేసుకుని విశాఖపట్నం ఉద్యోగానికి వెళ్ళొస్తుంది. ముప్ఫై పైచిలుకు కిలోమీటర్లు, లారీలు బారులు తీరే జాతీయ రహదారి. ఓ వానరోజు పొద్దున్నే తాళం తిప్పగానే స్టీరింగు వెనకాల ‘ఏ.బి.ఎస్.’ అనే అక్షరాలతో పసుపు దీపం వెలిగింది. వెలగడం మామూలే. కొద్ది సెకన్లలో పోవాలి. పోలేదు.

ఇక చూస్కోండి సలహాలు! “బ్రేకులు పోయాయి, బండి కదపొద్దు” అన్నారు మావారు. “ఆ బల్బు పీకించేస్తే గొడవే లేదు” అన్నారు పక్కింటాయన. ఒక వర్క్‌షాపువాళ్ళయితే కారు చూడకుండానే, మొత్తం యూనిట్టు మార్చాలి, ముప్ఫై వేలు దాటుతుందన్నారు. ఎవరి మాట నమ్మాలి? పిల్ల ప్రాణంతో పనాయె. అసలు ఈ దీపం పుట్టుపూర్వోత్తరాలేమిటో తెలుసుకుందామని కూచున్నాను.

బ్రేకంటే చక్రాన్ని ఆపేదని కదా మనం అనుకుంటాం? బొత్తిగా ఆపేస్తేనే చిక్కు! తడి గచ్చుమీద పీట జారినట్టు, తిరగడం మానేసిన చక్రం తడిరోడ్డు మీద జారుతుంది. అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి దాని దోవన అది పోతుంది. అందుకే పాతకాలపు డ్రైవర్లు బ్రేకు నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కేవారు. ఆ వదలడాన్ని యంత్రానికి నేర్పడమే ఏ.బి.ఎస్. కథంతా.

ఆ విద్య ముందు వంటబట్టింది కార్లకి కాదు, విమానాలకి. తడిసిన రన్‌వే మీద దిగేటప్పుడు చక్రాలు బిగుసుకుపోయి టైర్లు పేలేవి. 1950ల తొలినాళ్ళలో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ ‘మాక్సరెట్’ అనే పరికరాన్ని తెచ్చింది. విమానం చక్రం ఉన్నట్టుండి నిదానిస్తే, పరికరంలోని చిన్న బరువుచక్రం తన జోరులో తాను తిరుగుతూ బ్రేకు ఒత్తిడిని సడలించేది. కరెంటూ లేదు, దీపమూ లేదు. 1966లో జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అనే కారుకి దాన్ని అమర్చారు. కాని అది కలవారి కారు. మొత్తం 320 మాత్రమే తయారయ్యాయి.

తర్వాత ఎలక్ట్రానిక్ మెదడు వచ్చింది. 1970లో జర్మనీలో డైమ్లర్ బెంజ్ వాళ్ళు దాని నమూనా అందరికీ చూపించారు. చూపించారే గాని కార్లలో పెట్టి అమ్మడానికి ఎనిమిదేళ్ళు పట్టింది, అంత నమ్మకంగా అది పనిచేయక. అమెరికాలో 1975లో పెద్ద లారీలకి చక్రాలు బిగుసుకోకూడదని నిబంధన పెట్టారు. ఆ పరికరాలని నమ్మడానికి లేదన్న గోల బయల్దేరి, 1978లో కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. నిజమే మరి. ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని బ్రేకుతో కాపరం చేసేదెవరు?

అదే 1978లో బాష్ కంపెనీ డిజిటల్ పద్ధతిలో చేసిన ఏ.బి.ఎస్. మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలోకి వచ్చింది. కంట్రోలు పెట్టెలో వెయ్యి దాకా ఉండే భాగాలు 140కి తగ్గాయి. అంతకంటే గొప్ప సంగతేమిటంటే, అది తన్ను తాను కనిపెట్టుకుని ఉంటుంది. ఏ వైరు తెగినా, ఏ సెన్సారు పలక్కపోయినా, తెలిసీ తెలియని పెత్తనం చెయ్యకుండా తప్పుకుని, మామూలు బ్రేకుని మామూలుగా పనిచెయ్యనిచ్చి, దీపం వెలిగిస్తుంది. ‘నాకు ఒంట్లో బాగోలేదు, నామీద భరోసా పెట్టుకోకండి’ అని ముందే చెప్పడమన్నమాట. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళకీ, 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది.

ఇంత తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది. పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉన్నట్టే. నెమ్మదిగా, ముందుబండికి దూరంగా నడుపుకుంటూ మెకానిక్కు దగ్గరికి పోవచ్చు. హ్యాండ్ బ్రేకు దించాక కూడా పక్కన ఎర్రదీపం తోడైతే మాత్రం బండి ఆపేయాల్సిందే. బ్రేకు ఆయిలు తగ్గి ఉండొచ్చు.

మాకు ఎర్రదీపం లేదు. ఊళ్ళోనే ఓ మెకానిక్కు కుర్రాడికి చూపించాం. స్టీరింగు కింద స్కానరు తగిలిస్తే ‘కుడివైపు వెనక చక్రం సెన్సారు’ అని వచ్చింది.

“అయితే సెన్సారు కొనాలా బాబూ?” అన్నాను.

“ఆగండమ్మా. దాని మాట పెట్టెకి ఇనపడ్డం నేదని సెప్తాది గాని, ఎందుకో సెప్పదండి” అన్నాడు.

చక్రానికో సెన్సారు ఉంటుంది. దానిముందు పళ్ళచక్రం తిరుగుతుంటే ఆ పళ్ళని లెక్కపెట్టి వేగం చెబుతుంది. బురద పట్టినా, పన్ను విరిగినా, వైరు తెగినా లెక్క తప్పుతుంది. కుర్రాడు చక్రం విప్పి, బురద తుడిచి, పళ్ళు చూసి, మీటరు పెట్టాడు. సెన్సారు బాగానే ఉంది. వైరు వెంట వేలితో తడుముకుంటూ పోయి, ఓచోట ఆగి నవ్వాడు. ఎలుక కొరికేసింది! బెల్లం ఊళ్ళో ఎలుకలకి కొదవా?

వైరూ కూలీ కలిపి తొమ్మిది వందలు. “దీపం ఇంకా పోలేదేం?” అని మావారి కంగారు. నాలుగు చక్రాల లెక్కా కలిసిందాకా పెట్టె నమ్మదట. కారు వీధి చివరికి వెళ్ళేసరికి కొండెక్కింది.

పక్కింటాయన మాట వినకపోవడమే మంచిదైంది సుమండీ! బల్బు పీకేసి ఉంటే ఎలుక సంగతి మాకు తెలిసేది కాదు. తెలిసేదల్లా ఏ వానలోనో, ఏ లారీ వెనకాలో, మా పిల్లకి. అందుకే ఇప్పుడు రోజూ అది తాళం తిప్పేటప్పుడు నేను కిటికీలోంచి తొంగిచూసి మరీ అడుగుతాను, ‘వెలిగిందా? కొండెక్కిందా?’ అని. రెండింటికీ ‘ఆఁ’ అన్నాకే ఎదురొస్తాను. ఎందుకంటే, ఆరని దీపం కంటే అసలు వెలగని దీపమే ఎక్కువ ప్రమాదం.